మన మిర్చి ఎక్కిన ఓడ ఎక్కడుందో చెప్పే తెర!

ఓడలు, రేవులు, కంటైనర్లు... ఇవన్నీ విశాఖపట్నం వాళ్ల సంగతులు, మనకెందుకులే అనిపిస్తుంది కదూ! ఏటూరునాగారంలో ఉన్నవాళ్లకైతే మరీను. సముద్రం చూడాలంటే ఎన్ని గంటల ప్రయాణమో! కానీ అక్కడి గోదావరి ఒడ్డు చేలల్లో పండిన మిర్చి సముద్రాలు దాటుతోంది. ఆ మిర్చిని కోసేదీ, ఎండబోసేదీ, తాలు కాయలు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే ఓడల వ్యాపారంలోకి కంప్యూటర్లు తెచ్చిన మార్పు వాళ్లకూ సంబంధించిందే.

పడవ రాలేదు, లారీ వచ్చింది

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం మీదుగా పడవల్లో సరుకు నడపాలని తెల్లవాళ్లు కలలు కన్నారు. మధ్య భారతం పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని 1860ల్లో పనులు చేపట్టారు. నదిలో అడ్డొచ్చే రాళ్లు, పెరిగిపోయిన ఖర్చు... చివరికి 1871లో ఆపేశారు.

ఇప్పుడు ఏటూరునాగారం, మంగపేట, వాజేడు వైపు మిర్చి రోడ్డు మీదే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కో, మరో మార్కెట్‌కో చేరుతుంది. విదేశాలకు పంపే వ్యాపారులు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, తొడిమలు తీయించి, కంటైనర్లకెక్కించి చెన్నై, విశాఖ లాంటి రేవులకు పంపుతారు. చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్, శ్రీలంక, మలేసియా మన మిర్చిని బాగా కొనే దేశాలు.

కాగితాల కట్టలు కరుగుతున్నాయి

సరుకు ఓడెక్కిందంటూ ఓడ కంపెనీ ఇచ్చే పత్రాన్ని 'బిల్ ఆఫ్ లేడింగ్' అంటారు. బంగారం తాకట్టు రసీదు లాంటిదన్నమాట. అది చూపిస్తేనే అవతలి రేవులో సరుకు చేతికొస్తుంది. ఇదివరకు ఓడ ముందే చేరిపోయేది, ఈ కాగితం మాత్రం బ్యాంకులూ కొరియర్ల చుట్టూ తిరుగుతుండేది. అన్నాళ్లూ సరుకు రేవులోనే, అద్దె రోజురోజుకీ పెరుగుతూ!

ఆ కాగితం ఇప్పుడు మెల్లగా కంప్యూటర్‌లోకి వస్తోంది. 2030 నాటికి పూర్తిగా ఎలక్ట్రానిక్ పత్రాలకే మారతామని తొమ్మిది పెద్ద ఓడ కంపెనీలు 2023లో ప్రకటించాయి. మన దేశంలో ఈ పత్రాల కోసం 1856లో చేసిన చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. కస్టమ్స్ పత్రాలు కూడా 'ఐస్‌గేట్' వెబ్‌సైట్‌లోనే దాఖలు చేస్తున్నారు.

డబ్బాకో నంబరు

సరుకును ఇనుప డబ్బాల్లో పెట్టి పంపే పద్ధతి 1956 ఏప్రిల్‌లో అమెరికాలో ఊపందుకుంది. 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 డబ్బాలతో బయల్దేరింది. ఈరోజు ప్రతి కంటైనర్‌కూ నాలుగు అక్షరాలు, ఏడు అంకెల గుర్తు ఉంటుంది. ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే డబ్బా రేవులో ఉందా, ఓడెక్కిందా, దిగిందా తెలిసిపోతుంది. మన దేశంలో కంటైనర్లకు రేడియో ట్యాగులు తగిలించి జాడ తెలుసుకునే పద్ధతి 2016లో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో మొదలైంది. ఓడలకూ 'నేనిక్కడున్నాను' అని చెప్పుకునే పరికరం ఉంటుంది. ఓడ ఉద్యోగుల ఇళ్లలో ఆడవాళ్లు ఫోన్‌లోనే మ్యాప్ తెరిచి ఓడ ఎటు పోతోందో చూసుకుంటున్నారు.

అయితే తెర ఉన్నంత మాత్రాన దారి సుగమం కాదు. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు జరిగినప్పుడు యూరప్ వెళ్లాల్సిన ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. ఆలస్యం ఎంతో తెర చెప్పింది కానీ, తగ్గించలేకపోయింది. అసలు తెరే ఆగిపోతే? 2017 జూన్‌లో కంప్యూటర్ వైరస్ దెబ్బకు మెర్స్క్ ఓడ కంపెనీ 25 నుంచి 30 కోట్ల డాలర్ల దాకా నష్టపోయింది. ముంబై దగ్గర ఆ సంస్థ నడిపే టెర్మినల్‌లోనూ పని స్తంభించింది.

తెరకు కనపడనిది

డబ్బా ఎక్కడుందో తెర చెబుతుంది. లోపల కాయ ఎలా ఉందో మాత్రం కల్లంలోనే తేలిపోతుంది. తడి ఆరని కాయకు బూజు పట్టి 'అఫ్లాటాక్సిన్' అనే విషం పుడుతుంది. యూరప్ దేశాల్లో కిలో మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 అయిదు మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే సరుకు వెనక్కే!

ఇదివరకు ఆ కబురు నెమ్మదిగా వచ్చేది. ఏ బస్తా ఎవరిదో తెలిసేది కాదు. ఇప్పుడు పరీక్ష ఫలితం వెంటనే వచ్చేస్తోంది. కొనేవాళ్లు ఏ ఊరి సరుకు, ఏ మందు కొట్టారు అని ఆరా తీస్తున్నారు. సరుకు తిరిగొస్తే ఆ నష్టం రైతుకిచ్చే ధరలో కోతగా దిగుతుంది, అక్కడి నుంచి ఏరుడు కూలి బేరంలోకి పాకుతుంది. మంచి సరుకైతే మాత్రం ఆ లాభం ఏరిన చేతుల దాకా అంత తేలిగ్గా రాదు. మరి ఏం చెయ్యాలి?

* కాయల్ని నేల మీద కాక శుభ్రమైన టార్పాలిన్ పట్టాల మీద ఎండబెట్టండి. రాత్రిపూట మంచుకు తడవకుండా కప్పండి.

* తాలు, బూజు పట్టిన కాయల్ని వేరు చేయండి. మెరుపు కోసం రంగు, నూనె రాయకండి.

* ఏ మందు ఏ తేదీన కొట్టారో నోటుపుస్తకంలో రాసి, బిల్లులు దాచండి. పిల్లల చేత రాయించినా సరే. మంచి ధర అడగడానికి అదే మీ సాక్ష్యం.

* మహిళా సంఘాలు, రైతు సంఘాలు నేరుగా ఎగుమతి చేయాలనుకుంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) వెబ్‌సైట్‌లో ఎగుమతి, దిగుమతి కోడ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాన్ నంబరు కావాలి, ఫీజు 500 రూపాయలు. మిర్చికి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి.

* 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో వేయండి' అని మెయిల్ వస్తే నమ్మకండి. ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఎగుమతి మోసాల్లో ఇదొక రకం.

ఈ పనులన్నీ ఒక్కరే చేయలేకపోవచ్చు. సంఘంలో చదువుకున్న అమ్మాయి ఒకరు లెక్కలు, వెబ్‌సైట్ పని చూసుకుంటే, మిగిలినవాళ్లు కల్లం చూసుకోవచ్చు. వచ్చే సీజన్‌లో కాయ కోతకు వచ్చేలోపు ఆ అమ్మాయి ఎవరో మీ సంఘం సమావేశంలో తేల్చుకోండి.