పాత డీజిల్ జీపు పొద్దున్నే ఎందుకు మొరాయిస్తుంది?

అరకు లోయ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ డిసెంబరు పొద్దున పాత డీజిల్ జీపు కదలకపోతే అందరూ తిట్టేది చలినే. అది సగమే నిజం. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, పిస్టన్ నొక్కుడుకు వేడెక్కిన గాలే ఇంధనాన్ని మండిస్తుంది. చలి ఆ వేడిని తగ్గిస్తుంది, నిజమే. కానీ సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది, మండడమే లేదు. పొగే రాకపోతే అసలు డీజిలే అందడం లేదేమోనని అనుమానించాలి.

ఎందుకు అందదు? పైపులో గాలి చేరి ఉండొచ్చు. పంపు ఎంత తోసినా గాలి బుడగ నలిగి ఊరుకుంటుంది, ఇంజెక్టర్ తెరుచుకోదు. మరి పైపు పగిలితే కింద డీజిల్ మరక ఉండాలిగా? అక్కర్లేదు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు పీల్చుకునే పైపు. సన్నని పగులు డీజిల్‌ను వదలకుండానే గాలిని లోపలికి లాగుతుంది. రాత్రి బండి ఆగాక డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ముందు భాగం ఎత్తు వైపు పెట్టి ఆపితే మరీను. కొండ ఊళ్లలో చదును చోటెక్కడ దొరుకుతుంది! ఫిల్టర్ మీద గాలిని బయటికి వదిలే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కితే ముందు నురగ, తర్వాత బుడగల్లేని ధార వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించాలి. అదే చలిలో బండి వెంటనే అందుకుంటే దోషం గాలిదే. మర్నాడు మళ్లీ మొరాయిస్తే పైపులూ వాషర్లూ వెతకాలి.