నూనె సీసా చెప్పని సంగతి

తెనాలి ఆవకాయ, రేపల్లె పక్క పల్లె బియ్యం. మా సంఘం ఉగాది స్టాలు కోసం ఈ రెండిటినీ ఈ వ్యాసకర్త ఒక ప్రైవేటు ల్యాబుకు పంపాడు. జన్యుమార్పిడి ఆనవాలు ‘గుర్తించబడలేదు’ అని రిపోర్టు వచ్చింది. సంతోషంగా సీసాలకు ‘జన్యుమార్పిడి లేనిది’ అని లేబుళ్లు అంటించాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే తెలిసింది, పచ్చట్లో పోసింది రిఫైన్డ్ పత్తిగింజల నూనె అని. ఆ రాత్రే లేబుళ్లన్నీ పీకేయాల్సి వచ్చింది.

మన దేశంలో 2002 నుంచి జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి సాగవుతోంది. ఇప్పుడు పత్తి చేలల్లో అత్యధికం అదే. మరి ల్యాబుకు ఎందుకు దొరకలేదు? పీసీఆర్ పరీక్ష వెతికేది డీఎన్ఏ కోసం. జన్యుమార్పిడి పంటల్లో తరచూ వాడే 35ఎస్ ప్రమోటర్ వంటి ముక్క కనబడితే పట్టుకుంటుంది. రిఫైనింగులో క్షారం, తెల్లబరిచే మట్టి, అధిక వేడి కలిసి ఆ డీఎన్ఏను దాదాపు తుడిచేస్తాయి. ప్రొటీన్‌ను వెతికే స్ట్రిప్పు పరీక్షకూ నూనెలో ఏమీ మిగలదు. నూనె సంగతి తేలాలంటే గింజను పరీక్షించాలి, లేదా గింజ ఎక్కడిదో తెలియాలి.

బియ్యంలో మనకు గర్వకారణం ఉంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి, సంకరణంతో పుట్టిన వంగడం. దానికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు సంకరణంతోనే చేర్చారు. ల్యాబులో డీఎన్ఏ చూసి మొక్కలను ఎంచారు కాబట్టి కొందరు దాన్నీ జన్యుమార్పిడి అనుకుంటారు. కాదు.

2025 మేలో కేంద్రం ప్రకటించిన ‘కమల’ వరి కూడా సాంబ మసూరి బిడ్డే. పరాయి జన్యువు చేర్చకుండా, ఉన్న జన్యువునే సవరించారు. 35ఎస్ వెతికే పరీక్షకు అది చిక్కదు. లేబుళ్ల విషయంలో పరాయి దేశాల లెక్కలూ ఒక్కటి కావు: జన్యుమార్పిడి సరుకు పొరపాటున కలిసినా లేబులు అక్కర్లేని పరిమితి ఐరోపాలో 0.9 శాతం, అమెరికాలో 5 శాతం.

వచ్చే వేసవిలో అమ్మ ఆవకాయ కలపక ముందే ఫోన్ చేయండి. నూనె ఏ గింజదో అడగండి. వీలైతే ఊళ్లో గానుగాడించిన నువ్వుల నూనె పోయించండి. బియ్యం బస్తా మీద వంగడం పేరు రాయించండి, ఆ పేరు పిల్లలకూ చెప్పండి.