ఆకాశంలో మసికి సొంతిల్లు

ఎడిటర్ గారు అడిగింది ఢిల్లీ చలికాలపు పొగ మీద కథనం. గురువారం కల్లా పేజీలు అచ్చుకు వెళ్లాలి. అందరూ రాసిందే రాయడానికి చెయ్యి రాక పాత పరిశోధన పత్రాలు తిరగేస్తుంటే, మన హైదరాబాద్ మీద ఎగిరిన బెలూన్ ఒకటి తగిలింది. ఢిల్లీని అక్కడితో వదిలేశాను.

2010 మార్చి 17. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి అది లేచింది. మోసుకెళ్లిన సరంజామాలో మసిని కొలిచే ఈథలోమీటర్ ఉంది. దాని పని చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. గాలిని పీల్చి, క్వార్ట్జ్ నారతో చేసిన తెల్లటి టేపు గుండా వదులుతుంది. టేపు మీద నల్లమచ్చ పడుతుంది. మచ్చ చిక్కబడేకొద్దీ దానిగుండా వెలుతురు దాటడం తగ్గుతుంది. ఆ తగ్గుదలే మసి లెక్క.

పైకి పోయేకొద్దీ మసి పలచబడుతుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున మళ్లీ పెరిగింది. ఎనిమిది కిలోమీటర్లు దాటాక ఇంకోసారి! అది విమానాలు తిరిగే ఎత్తు.

అసలు సంగతి ఉష్ణోగ్రతల్లో బయటపడింది. మామూలుగా కిలోమీటరు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడాలి. మసి పొరలున్న చోట ఆ తగ్గుదల గబుక్కున మందగించింది. మసి ఎండను మింగి చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి తేలికై మసినీ వెంటేసుకుని ఇంకాస్త పైకి పోతుంది. ఆ వెచ్చటి పొర మూతలా నిలిస్తే కిందిగాలి, పైగాలి సరిగా కలవవు. మసి అక్కడే తిష్ఠ వేస్తుంది. తమ ఇల్లు తామే కట్టుకుంటున్నాయా ఈ పొరలు అని 2011లో పత్రం శీర్షికలోనే అడిగారు, తిరువనంతపురం విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి చెందిన సురేశ్ బాబు బృందం. అడిగారంతే, తేల్చలేదు. ఒక్కరోజు, ఒక్క బెలూన్ మరి. నాకు వాళ్ల మీద గురి కుదిరింది అందుకే. విమానాల పొగ వల్లే పైపొర ఏర్పడి ఉండొచ్చని తర్వాత కంప్యూటర్ నమూనాలతో చేసిన అధ్యయనం ఒకటి చెప్పింది.

వెనకటి కథ క్లుప్తంగా: 1999లో ఇండోఎక్స్ అనే పరిశోధన యాత్ర హిందూ మహాసముద్రం మీదికి దక్షిణాసియా పొగ పాకిందని చూపింది. 2006లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ బృందం మాల్దీవుల్లో మూడు డ్రోన్లను ఒకదానిపై ఒకటిగా ఎగరేసింది. ఆ గోధుమరంగు పొగమబ్బు వల్ల ఎండ నుంచి కిందిగాలికి చేరే వేడి దాదాపు 50 శాతం పెరిగిందని తేల్చింది.

బాక్సు: ఎవరి పొగ?

పొగంతా వేడెక్కించదు. బొగ్గు కాలిస్తే వచ్చే సల్ఫేట్ ఎండను వెనక్కి కొట్టి చల్లబరుస్తుంది. మసి నిలిచేది రోజులు, మహా అయితే వారాలు. కార్బన్ డయాక్సైడ్‌ది శతాబ్దాల లెక్క.

బొగ్గులో, డీజిల్లో కార్బన్-14 మిగలదు, కట్టెలో ఉంటుంది. ఆ తేడాతో మాల్దీవుల్లోని హనిమాధూలో, పుణె దగ్గరి సింహగఢ్‌లో పట్టిన మసిని పరీక్షిస్తే, సగం నుంచి మూడింట రెండొంతుల దాకా కట్టెలు, పిడకలు, పంట చెత్త కాల్చగా వచ్చిందేనని 2009లో తేలింది. అందులో వంటింటి వాటా ఎంతో, పొలాల వాటా ఎంతో ఈ పరీక్ష విడదీయలేదు. ముఖచిత్రంగా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ వేద్దామంటే నేను ఒప్పుకోనిది అందుకే.