స్థానిక సర్పాల పెంపకం: ఆహారం, సేకరణ, చట్టం (పశ్చిమ ప్రకాశం ఉదాహరణగా)

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• పాములను పెంపుడు జంతువులుగా ఉంచడంలో ఇతర దేశాలకూ మన దేశానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• జెర్రిపోతు ఆహారపు అలవాట్లనూ, పంటపొలంలో దాని పాత్రనూ చెప్పగలుగుతారు.
• వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో పాములకు వర్తించే ముఖ్యమైన నిబంధనలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

అమెరికాలో చాలామంది ఇళ్లలో గాజు పెట్టెల్లో పెంచే పాముల్లో ‘కింగ్ స్నేక్’ ఒకటి. పేరు చూసి దీన్ని మన రాచనాగు అనుకోకూడదు. రాచనాగు విషసర్పం, కింగ్ స్నేక్‌కు విషం లేదు. ఇది ఎరను చుట్టి బిగించి చంపుతుంది. ఇతర పాములను, చివరకు విషమున్న గిలక పాములను కూడా తింటుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది.

అది ఆ దేశపు స్థానిక పాము. అలాగైతే దర్శి పొలంలో దొరికిన జెర్రిపోతును మనం పెంచుకోవచ్చా? పెంచుకోకూడదు. అందుకు కారణాలు రెండు: ఒకటి జీవశాస్త్రానికి, రెండోది చట్టానికి సంబంధించినవి. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

2. కింగ్ స్నేక్ పెంపకం ఎలా సాగుతుంది?

పెంపకందారులు దీనికి సాధారణంగా ఎలుకలనే ఆహారంగా ఇస్తారు. పిల్ల పాముకు సుమారు వారానికొకసారి ఎలుకపిల్లను, పెద్ద పాముకు వారం రెండు వారాలకొకసారి ఎలుకను వేస్తారు. బతికున్న ఎలుక పామును కొరికి గాయపరచగలదు. అందుకని గడ్డకట్టించి నిలవ ఉంచిన ఎలుకను కరిగించి ఇస్తారు. ఒకే పెట్టెలో రెండు పాములను ఉంచితే ఒకదాన్ని మరొకటి మింగే ప్రమాదం ఉంది. కాబట్టి ఒక్కోదాన్ని విడిగా ఉంచుతారు. పాము శీతల రక్త జీవి. పెట్టెలో ఒక వైపు వెచ్చగా, మరో వైపు చల్లగా ఉంటేనే అది తన శరీర ఉష్ణోగ్రతను సరిచేసుకోగలదు, తిన్నది అరిగించుకోగలదు.

సేకరణ నిబంధనలు అక్కడ రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. కాలిఫోర్నియాలో లైసెన్సుతో, పరిమిత సంఖ్యలో స్థానిక పాములను పట్టుకోవచ్చు. జార్జియాలో స్థానిక విషరహిత పాములను పెంచుకోవడం నిషిద్ధం. అంటే పెంపకం విస్తృతంగా ఉన్న దేశంలో కూడా ‘ఎవరైనా, ఎక్కడైనా పట్టుకోవచ్చు’ అనే స్వేచ్ఛ లేదు.

పెంపుడు పాము బయటపడితే జరిగే నష్టానికి స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా ద్వీపం ఉదాహరణ. అక్కడికి పెంపకం కోసం తెచ్చిన కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లు బయట వ్యాపించి, ఆ ద్వీపానికే ప్రత్యేకమైన పెద్ద బల్లులను తినేస్తున్నాయి.

3. మన పొలంలోని జెర్రిపోతు

దర్శి ప్రాంతంలో సాగర్ కాలువ కింద వరి, మెట్టభూముల్లో కంది, మిరప వంటి పంటలు పండుతాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అడవి మొదలవుతుంది. ఈ నేల అంతటా కనిపించే పెద్ద విషరహిత పాము జెర్రిపోతు (శాస్త్రీయ నామం: ట్యాస్ మ్యూకోసా). రెండు మీటర్లు దాటి పెరుగుతుంది. పగటిపూట తిరుగుతుంది. ఎలుకలు, కప్పలు, బల్లులు, పక్షులు దీని ఆహారం. కింగ్ స్నేక్‌లా ఇది ఎరను చుట్టి బిగించదు. నోటితో పట్టి, శరీరంతో నేలకు అదిమి మింగుతుంది.

ఎలుక వరి కంకులను కొరికి కలుగులోకి చేరవేస్తుంది. ఎలుకలు పట్టడంలో ఆరితేరిన యానాదులు కలుగు తవ్వినప్పుడు అందులో దాచిన కంకులు బయటపడడం మన రైతులకు తెలిసిన విషయమే. మనిషి ఆ కలుగును తవ్వాలి. పాము నేరుగా అందులోకి దూరి పిల్లలతో సహా ఎలుకలను తినగలదు. ఈ పని చేసినందుకు జెర్రిపోతుకు గింజ ఖర్చు లేదు, మందు ఖర్చు లేదు.

దీన్ని బోనులో పెడితే రైతు ఎలుకలు పట్టే జీవిని పోగొట్టుకుంటాడు. పాముకూ మేలు జరగదు. అడవి నుంచి, పొలం నుంచి పట్టిన పాము బెదిరి తరచుగా తిండి మానేస్తుంది. జాలీకి ముక్కు రుద్దుకుని గాయపడుతుంది.

అపోహలు

(అ) ‘జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుంది’ అంటారు. ఇవి వేరు వేరు జాతులు, జతకట్టవు. రెండు పాములు పెనవేసుకుని పైకి లేచినప్పుడు మనం చూసేది చాలాసార్లు ఒకే జాతికి చెందిన రెండు మగ పాముల పోరాటం.

(ఆ) ‘పాము పాలు తాగుతుంది’ అంటారు. పాలు పాము ఆహారం కాదు, వాటిని అది సరిగా అరిగించుకోలేదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచిన పాము దాహంతో ఏ ద్రవాన్నైనా తాగవచ్చు. నాగుల చవితికి పుట్ట దగ్గర మొక్కడం వేరు, బుట్టలోని పాము నోట్లో పాలు పోయడం వేరు.

(ఇ) ‘రెండు తలల పాము ఇంట్లో ఉంటే ధనం వస్తుంది’ అంటారు. మొండి తోక తలలా కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఈ నమ్మకమే దాని అక్రమ రవాణాకు మూలం.

4. చట్టం ఏం చెబుతోంది?

1970లలో భారతదేశం నుంచి పాము చర్మాల ఎగుమతి పెద్ద వ్యాపారం. దానికోసం జెర్రిపోతులతో సహా ఎన్నో పాములను చంపేవారు. 1976లో ఆ ఎగుమతిని నిషేధించారు. అంతకు ముందే వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని ముఖ్యాంశాలు ఇవి:

• సెక్షన్ 2(16): ‘వేట’ అంటే చంపడమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేటే. సరీసృపాల గుడ్లను పాడుచేయడం, కదిలించడం కూడా ఇందులోకి వస్తాయి.
• సెక్షన్ 9: షెడ్యూళ్లలోని వన్యప్రాణుల వేట నిషిద్ధం.
• సెక్షన్ 11: ఆత్మరక్షణ కోసం, లేదా ఇతరులను కాపాడడం కోసం సదుద్దేశంతో చంపినా గాయపరచినా నేరం కాదు.
• సెక్షన్ 39: వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషనుకు గానీ అధీకృత అధికారికి గానీ తెలిపి అప్పగించాలి.
• సెక్షన్ 51: 2022 సవరణ తరవాత, సాధారణ ఉల్లంఘనకు 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కొండచిలువ, నక్షత్ర తాబేలు వంటి మొదటి షెడ్యూలు జీవుల విషయంలో 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా తప్పవు.

కాబట్టి ‘చంపలేదు, ప్రేమగా పెంచుకుంటున్నాను’ అన్న సమాధానం చట్టం ముందు నిలవదు.

విదేశీ పాముల సంగతి వేరు. బాల్ పైథాన్ వంటి, అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కిందకు వచ్చే జీవులను ఉంచుకున్నవారు 2024లో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

అనుమతితో జరిగే సేకరణకు మంచి ఉదాహరణ చెన్నై సమీపంలోని ఇరుళుల సహకార సంఘం. 1978లో ఏర్పడిన ఈ సంఘం సభ్యులు లైసెన్సుతో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరులను పట్టి, కొద్ది వారాలు ఉంచి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. పాముకాటుకు విరుగుడు మందు తయారీలో ఆ విషం వాడతారు.

5. పాము ఎదురైతే

1. దూరంగా నిలబడి, అది వెళ్లే దారి వదలండి.
2. ఇంట్లోకి వస్తే చేత్తో పట్టకండి. అటవీశాఖకు గానీ, ఆ శాఖ గుర్తించిన పాములు పట్టేవారికి గానీ చెప్పండి. జెర్రిపోతుకు పడగ ఉండదు. అయినా గుర్తుపట్టానన్న ధీమాతో ముట్టుకోవద్దు.
3. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకండి. కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చండి.

6. సారాంశం

కొన్ని చోట్ల కింగ్ స్నేక్‌ను లైసెన్సుతో పట్టి పెంచుకోవచ్చు. మన దేశంలో స్థానిక పామును పట్టుకోవడమే వేట అవుతుంది. జెర్రిపోతుకు తిండి, చోటు, పని మూడూ పొలంలోనే దొరుకుతాయి. దాన్ని అక్కడే బతకనివ్వడం రైతుకు లాభం, చట్టానికి సమ్మతం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చట్టం దృష్టిలో ‘వేట’ కిందకు వచ్చే పనులు ఏవి?
2. కింగ్ స్నేక్, జెర్రిపోతు ఎరను పట్టే విధానాల్లో తేడా ఏమిటి?
3. మీ గ్రామంలో పాముల గురించి ఉన్న రెండు నమ్మకాలను సేకరించి, వాటిని ఈ భాగంలోని విషయాలతో పోల్చి రాయండి.