మీ అబ్బాయి సీనియర్ అవుతున్నాడా?

పిల్లాడికి ఇంజనీరింగ్ సీటో, మెడిసిన్ సీటో వచ్చిందంటే ఆ ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు. కొత్త సూట్‌కేసు, బకెట్టు, మగ్గు, దుప్పట్లు, డబ్బా నిండా సున్నుండలు, జంతికలు, మూత గట్టిగా బిగించిన ఆవకాయ సీసా... అన్నీ గుర్తుపెట్టుకుని మరీ సర్దుతాం. బస్సెక్కించేటప్పుడు వంద జాగ్రత్తలు చెబుతాం. చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెబుతాం. "సీనియర్లు ఏమన్నా అంటే ఎదురు మాట్లాడకు నాన్నా. ఒక్క ఏడాదే కదా, ఓర్చుకో."

ఆ మాట నేనూ చెప్పాను. మిమ్మల్ని మాత్రం చెప్పొద్దంటున్నాను. ఎందుకో, మా ఇంట్లో జరిగింది వింటే మీకే తెలుస్తుంది.

వాము నీళ్ళతో పోయే నొప్పి కాదు

మా పెద్దవాడు హాస్టల్‌లో చేరిన ఏడాది దసరాకి ఇంటికొచ్చాడు. ఎంతో ముచ్చటపడి పెంచుకున్న మీసం లేదు. "ఇదేమిట్రా?" అంటే "కొత్త స్టైలమ్మా" అన్నాడు. అన్నం కెలికి వదిలేసేవాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. తిరిగి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే కడుపునొప్పి అన్నాడు. నేను వాము నీళ్ళు కాచి తాగించి, పంపించేశాను. తల్లినై ఉండి కూడా అది కడుపునొప్పి కాదని గ్రహించలేకపోయాను.

ఏడాది గడిచింది. వాడు రెండో ఏడాదికొచ్చాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మనిషి హుషారుగా ఉన్నాడు. నేను వంటింట్లో అరిసెలు ఒత్తుతుంటే వరండాలో స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "ఆ బక్కోడి చేత రాత్రి రెండింటిదాకా నా రికార్డులు రాయించానురా. కునుకు తీస్తే మొహాన చెంబెడు నీళ్ళు కొట్టాం" అంటూ ఒకటే నవ్వు. నా చెయ్యి ఆగిపోయింది.

అప్పుడేం అనలేదు. రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని, "అప్పట్లో నీ మీసం నువ్వే తీయించుకున్నావా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. సీనియర్లు ఒకవైపు మీసం గీసేసి, ఆ మొహంతో మెస్‌లో అందరి ముందూ నిలబెట్టారట. ఆ రాత్రి బాత్‌రూంలో గడియ పెట్టుకుని ఏడ్చాడట. ఏడాదిపాటు నాకు చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఓర్చుకోమని పంపింది నేనేగా.

"మరి ఆ బక్కబ్బాయి ఇప్పుడు ఎక్కడ కూర్చుని ఏడుస్తున్నాడో?" అన్నాను.

"మాకూ చేశారు కదమ్మా!" అన్నాడు.

అత్తా ఒకింటి కోడలే

ఈ మాట మనకి కొత్తా? కోడలిగా ఉన్నన్నాళ్ళూ పడ్డ మాటలన్నీ గుర్తుండి కూడా, తనకో కోడలు రాగానే అవే మాటలు అప్పజెప్పే అత్తల్ని మనం చూళ్ళేదూ? "మేం పళ్ళేదా?" అనేదే వాళ్ళ సమాధానం. కాలేజీల్లో ర్యాగింగ్ సాగుతున్నదీ అలాగే. నిరుడు ఏడ్చినవాడే ఈ ఏడు ఏడిపిస్తాడు. వాడు ఎక్కడినుంచో ఊడిపడ్డ రౌడీ కాదు. మన చేతి ముద్ద తిని పెరిగిన పిల్లాడే.

"ఒక్క ఏడాది ఓర్చుకో" అన్న మాటలో మనకి తెలియకుండానే ఇంకో మాట దాగి ఉంది. "తర్వాత నీ వంతు వస్తుందిలే" అని. ఆ రెండో మాటని పిల్లలు బాగా వింటారు.

పరిచయాలు, పాటలు, నవ్వులు ఉండొద్దని కాదు. తేడా తెలుసుకోవడం కష్టమూ కాదు. అవతలివాడు "వద్దు" అంటే అక్కడితో ఆగితే అది సరదా. వద్దన్నా ఆగకపోతే, అసలు వద్దనడానికే భయపడితే, అది ర్యాగింగ్.

సరదా ఎక్కడిదాకా పోతుంది?

1996లో తమిళనాడులో ఒక మెడికల్ విద్యార్థి సీనియర్ చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడే అక్కడ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో అమన్ కచ్రూ అనే 19 ఏళ్ళ అబ్బాయి సీనియర్లు కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. దేశమంతా కదిలిపోయింది. 2010లో కోర్టు నలుగురు సీనియర్లకి నాలుగేళ్ళ చొప్పున జైలు శిక్ష వేసింది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి దుఃఖం సరే. డాక్టర్ అవుతాడనుకున్న కొడుకుని జైల్లో చూడాల్సి వచ్చిన ఆ నలుగురు తల్లుల గురించి కూడా ఒక్క క్షణం ఆలోచించండి.

పిల్లలు అమెరికాలో చదువుతుంటే ఈ బెడద ఉండదనుకోకండి. అక్కడ దీన్ని హేజింగ్ అంటారు. ఫ్రెటర్నిటీలని విద్యార్థుల సంఘాలుంటాయి. సభ్యులు చాలాచోట్ల ఒకే ఇంట్లో కలిసి ఉంటారు. కొత్తగా చేరేవాళ్ళకి "పరీక్ష" పేరుతో బలవంతంగా మద్యం పట్టించడం లాంటివి జరుగుతుంటాయి. 2017 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియాలో అలా తాగించిన 19 ఏళ్ళ అబ్బాయి మెట్లమీంచి పడిపోయాడు. ఇంటినిండా స్నేహితులే. అయినా సాయం కోసం ఫోన్ చేయడానికి వాళ్ళకి దాదాపు 12 గంటలు పట్టింది. ఆ అబ్బాయి దక్కలేదు. వాళ్ళంతా దుర్మార్గులని కాదు. ఫోన్ చేస్తే సంఘానికి చెడ్డపేరొస్తుందని, తాము చిక్కుల్లో పడతామని భయం. "ముందు మనిషిని కాపాడు, తర్వాత సంగతి తర్వాత" అని పిల్లలకి ఇంట్లోనే నూరిపోయాలి.

మీరు సంతకం పెట్టిన కాగితం

అమన్ మరణం తర్వాత 2009లో యూజీసీ ర్యాగింగ్‌ని అరికట్టడానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఏటా విద్యార్థీ, తల్లిదండ్రులూ కూడా హామీపత్రం ఇవ్వాలి. అడ్మిషన్ హడావుడిలో పది కాగితాల మధ్య దానిమీదా సంతకం పెట్టేసి ఉంటాం. ఒకసారి చదవండి. మా పిల్లాడు ర్యాగింగ్ చేయడు, చేస్తే శిక్షకి సిద్ధం అని మనం రాసిచ్చిన మాట అది.

ఆ నిబంధనల్లోనే ఇంకో ముచ్చట ఉంది. మొదటి ఏడాది పూర్తి చేస్తున్న పిల్లల తల్లిదండ్రులకి, ఏడాది చివర కాలేజీ ఉత్తరం రాయాలి. "మీ వాడు తిరిగి వచ్చాక కొత్తవాళ్ళని ర్యాగింగ్ చేయకుండా నచ్చజెప్పి పంపండి" అని కోరాలి. చూశారా, మందు వేయాల్సింది ఎప్పుడో వాళ్ళూ గుర్తించారు! మీకా ఉత్తరం రాకపోయినా వచ్చినట్టే అనుకోండి.

మనకి 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టంలో ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు. కొడితే ఏడాది దాకా. నిర్బంధించినా, గాయపరిచినా రెండేళ్ళ దాకా. తీవ్రంగా గాయపడితే అయిదేళ్ళ దాకా. ప్రాణం పోయినా, ఆత్మహత్యకి పురికొల్పినా యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. జైలు శిక్ష పడితే కాలేజీ నుంచి తీసేస్తారు. సరదాకి ఇంత ఖరీదని పిల్లలకి తెలియదు. మనమే చెప్పాలి.

రెండో ఏడాదికి పంపేముందు

* ఉపన్యాసం వద్దు. "చేరిన కొత్తలో నీకు ఏది బాధనిపించింది?" అని అడగండి. చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డురాకండి. తన బాధ గుర్తొచ్చినవాడికి ఎదుటివాడి బాధ అర్థమవుతుంది.

* "నువ్వు చేయకపోతే చాలు" అని ఊరుకోకండి. పక్కన నిలబడి నవ్వినవాడికీ భాగం ఉంది. "నాకిది నచ్చలేదు, నేను వెళ్తున్నా" అని లేచి వచ్చేయడం నేర్పండి. ఒకడు లేస్తే ఇంకో ఇద్దరు లేస్తారు.

* అమ్మాయిల తల్లులూ ఇది మాకు కాదనుకోకండి. జడలు విప్పించడం, రంగు గురించీ, యాస గురించీ, ఊరి గురించీ ఎగతాళి చేయడం ఆడపిల్లల హాస్టళ్ళలోనూ ఉంది. 2016లో యూజీసీ కులం, మతం, రంగు, ప్రాంతం, భాష పేరుతో చేసే వేధింపుల్ని కూడా ర్యాగింగ్‌లోనే చేర్చింది.

* సీనియర్‌గా చేయడానికి మంచి పనులు బోలెడు. పాత నోట్సు ఇవ్వడం, మెస్‌కి తోడు తీసుకెళ్ళడం, జ్వరమొస్తే మందుబిళ్ళ తెచ్చిపెట్టడం. గౌరవం వీటితోనే వస్తుందని చెప్పండి.

మొదటి ఏడాది పిల్లలుంటే

ఇంటికొచ్చిన పిల్లాడు తిండి మానేసినా, నిద్రలో ఉలిక్కిపడినా, కారణం లేకుండా డబ్బు అడుగుతున్నా, వెళ్ళే రోజు ఏదో ఒక నొప్పి వస్తున్నా, నాలా వాము నీళ్ళతో సరిపెట్టకండి. కూర్చోబెట్టి అడగండి. "నీదేం తప్పు లేదు" అన్న మాట ముందు చెప్పండి.

జరిగినది తేదీలతో సహా రాసిపెట్టుకోండి. వార్డెన్‌కో ప్రిన్సిపాల్‌కో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోండి. నేరం జరిగిందని తేలితే 24 గంటల్లోగా కాలేజీ పెద్దలే పోలీసు కేసు పెట్టించాలి. వాళ్ళు కప్పిపుచ్చాలని చూస్తే జాతీయ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. సమాచారం ఇచ్చినవాళ్ళ పేరు బయటపెట్టకూడదని నిబంధన ఉంది. ఈ నంబరు పిల్లల ఫోన్‌లోనే కాదు, మన ఫ్రిజ్ మీదా అతికించుకుందాం.

ఇక మావాడి సంగతి. పండగయ్యాక బయల్దేరేటప్పుడు అరిసెల డబ్బా ఇస్తూ, ఇంకో చిన్న డబ్బా కూడా చేతిలో పెట్టాను. "ఇది ఆ బక్కబ్బాయికి. వాళ్ళమ్మ కూడా నాలాగే ఓర్చుకోమని పంపి ఉంటుంది" అన్నాను. మాట్లాడకుండా సంచిలో పెట్టుకున్నాడు.

రెండు రోజులకి ఫోన్ చేశాడు. "ఇచ్చానమ్మా. ముందు తీసుకోలేదు. ఇది కూడా ర్యాగింగేమో అని వణికిపోయాడు. నేనొకటి తిని చూపించాక తీసుకున్నాడు" అన్నాడు. కాసేపాగి, "సారీ చెప్పానమ్మా" అన్నాడు.

ఈ ఏడాది మీ అబ్బాయి సీనియర్ అవుతుంటే, మీరూ ఇంకో డబ్బా సర్దండి.