బొడ్డు కోసిన తరువాత తొలి గంటలు

మధుమేహం ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ తరచు బొద్దుగా, నిండుగా ఉంటుంది. నాలుగు కిలోల శిశువును చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. కాని ఆ బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించేవరకు వైద్యులు స్థిమితపడరు. ఆ నిండుదనం వెనుక చక్కెర లోటు పొంచి ఉండవచ్చునని వారికి తెలుసు.

తల్లి రక్తంలో చక్కెర అధికమైతే బిడ్డ రక్తంలో తక్కువ కావడమేమిటి? ఈ చిక్కుముడిని విప్పినవారు కోపెన్‌హాగెన్ వైద్యుడు యోర్గెన్ పెడెర్సెన్. 1950వ దశకంలో ఆయన చెప్పిన సిద్ధాంతం ఇది: తల్లి రక్తంలోని గ్లూకోజు మావిని దాటి గర్భస్థ శిశువును చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అందువల్ల వచ్చిపడుతున్న చక్కెరను వినియోగించడానికి శిశువు క్లోమగ్రంథి తానే అధికంగా ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. బిడ్డ బొద్దుగా పెరగడానికి కారణం ఇదే. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. ఇన్సులిన్ స్రావం అంత త్వరగా తగ్గదు. ఉన్న కొద్దిపాటి చక్కెరా హరించుకుపోతుంది. మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజే గనుక, ఈ లోటు తీవ్రమై చాలాసేపు కొనసాగితే మెదడు దెబ్బతినవచ్చు.

గర్భం ధరించిన నెలలన్నిటా పాటించిన జాగ్రత్త పురిటి నొప్పులప్పుడు మరింత పెరగాలి. ఆ సమయంలో తల్లి ఒకవంక సరిగా ఆహారం తీసుకోలేదు. మరొకవంక శ్రమించే కండరాలు చక్కెరను ఖర్చుచేస్తుంటాయి. యథాప్రకారం ఇన్సులిన్ ఇస్తే చక్కెర పడిపోవచ్చు. పూర్తిగా మానివేస్తే పెరిగి, ఆ అదనపు చక్కెర శిశువును చేరుతుంది. అందుకే గంట గంటకూ పరీక్షించి, చక్కెరను డెసీలీటరుకు 72 నుంచి 126 మిల్లీగ్రాముల మధ్య నిలపాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. అవసరమైతే గ్లూకోజునూ, ఇన్సులిన్‌నూ నరంద్వారా ఎక్కిస్తారు. మావి బయటపడగానే తల్లికి కావలసిన ఇన్సులిన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది. పాత మోతాదే కొనసాగిస్తే ప్రమాదం ఆమెకే.

పుట్టిన ఒకటి రెండు గంటలలో ప్రతి శిశువుకూ చక్కెర కొంత తగ్గడం సహజమే. సాధారణంగా త్వరలోనే కోలుకుంటుంది. మధుమేహం ఉన్న తల్లి బిడ్డ విషయంలో మాత్రం అలా వేచి ఉండరాదు. వణుకు, మగత, పాలు కుడవకపోవడం, శ్వాస ఆగి ఆగి రావడం, మూర్ఛ దీని లక్షణాలు. ఇవేవీ లేకుండానే చక్కెర పడిపోవడమూ కద్దు. కనుక కంటిచూపును కాక పరీక్షనే నమ్మాలి. భారత ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, డెసీలీటరుకు 45 మిల్లీగ్రాముల కన్న తగ్గితే అది చక్కెర లోటు.

తొలి ఔషధం తల్లి వద్దనే ఉన్నది. బిడ్డను తుడిచి తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచాలి. చలి తగిలితే ఉన్న చక్కెర మరింత ఖర్చవుతుంది. అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపున ముర్రుపాలు పట్టాలి. తరువాత రెండు మూడు గంటలకొకసారి పాలివ్వాలి. కొన్ని కుటుంబాలలో ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకించే ఆచారం నేటికీ ఉంది. తేనెతో పసికందుకు బొటులిజం అనే విషవ్యాధి రావచ్చు. పంచదార నీళ్లు ముర్రుపాలలోని పోషణను ఇవ్వలేవు.

పాలతోనే లోటు తీరనప్పుడు వైద్యులు బరువునుబట్టి కొలిచిన 40 శాతం డెక్స్‌ట్రోజ్ జెల్‌ను బుగ్గ లోపల రుద్దుతారు. ఇది ఫలిస్తుందని న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో జరిగిన పరిశోధన 2013లో నిరూపించింది. అప్పటికీ చక్కెర పెరగకపోతే నరంద్వారా గ్లూకోజు ఎక్కించవలసిందే.

కాన్పుకు వెళ్లేటప్పుడు తల్లి మధుమేహం సంగతి, చివరిసారి తీసుకున్న ఇన్సులిన్ మోతాదు ఆసుపత్రి సిబ్బందికి ముందుగా చెప్పడం ఇంటివారి బాధ్యత. బిడ్డకు చక్కెర పరీక్ష ఎప్పుడు చేస్తారని అడగడానికి సంకోచించనక్కరలేదు. గర్భంతో వచ్చిన మధుమేహం కాన్పుతో పోయినట్లు కనిపించినా, ఆరు వారాలకు తల్లి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఆమెకు మున్ముందు ఆ వ్యాధి స్థిరపడే అవకాశం ఇతరుల కన్న ఎక్కువ.