పడవకు వేసిన రంధ్రము, దానిని మూయు సీలెంటు

తాళ్ళరేవు, కోరంగి ప్రాంతములలో చెక్కనావలు కట్టు పనివారికి ఒక సంగతి తరతరములుగా తెలియును. ఒడ్డున ఎండకు ఆరిన నావను నీటిలోనికి దింపిన మొదటి దినమున పలకల సందులనుండి నీరు ఊరును. దానికి వారు బెదరరు. సందులలో కూరిన దూది, పైన పూసిన గుగ్గిలము కొంత నీటిని ఆపును. మిగిలిన పని చెక్కయే చేయును. పలకలు నీరు పీల్చి ఉబ్బి, ఒకదానినొకటి నొక్కుకొని సందులను మూసివేయును.

ఫైబరు పడవకు ఈ సుగుణము లేదు. గాజునారను రెసినుతో కలిపి పోసిన గోడ అట్లు ఉబ్బదు. అందు వేసిన రంధ్రము వేసినట్లే ఉండును. ఇంజను పడవలోపల, గేర్లు, ప్రొపెల్లరు వెలుపల ఉండు స్టెర్న్‌డ్రైవ్ అను అమరికలో వెనుక గోడకు ఒక పెద్ద కంత, దాని చుట్టు బోల్టుల రంధ్రములు తప్పవు. వీనిలో కొన్ని నీటిమట్టమునకు దిగువనే ఉండును.

చూచుటకు ఆ గోడ అంతయు ఫైబరే. కాని పెక్కు పడవలలో రెండు ఫైబరు పొరల నడుమ ప్లైవుడ్ ఉండును. బోల్టు ప్రక్కగా చుక్కచుక్కగా దిగిన నీరు పడవలోనికి రాక ప్లైవుడ్‌లో ఇంకును. శిలీంధ్రములు పెరిగి చెక్క కుళ్ళును. పైపొర మాత్రము నిగనిగలాడుచునే ఉండును. ఇంజను త్రోపునకు గోడ వంగినపుడు గాని యజమానికి సంగతి తెలియదు. అప్పటికి వెనుక గోడనంతటిని విప్పి కట్టవలసినదే. అన్నినాళ్ళు పడవకు సంపాదన లేదు.

ధవళేశ్వరమునకు ఎగువ మంచినీటిలో ఈ కుళ్ళు మరింత సులభము, ఉప్పు శిలీంధ్రములకు గిట్టదు గనుక. సముద్రము దగ్గరి ఉప్పునీటిలో కీడు లోహమునకు. డ్రైవు అల్యూమినియము, బోల్టు స్టెయిన్‌లెస్ ఉక్కు అయినచో, నడుమ చేరిన ఉప్పునీటితో అది విద్యుద్ఘటమగును, అల్యూమినియము క్షయించును. కావున సీలెంటు నీటిని ఆపుటయే గాక లోహములను వేరుచేయవలెను కూడ.

బజారులో దొరకు సీలెంట్లలో మూడింటిని గూర్చి తెలిసికొన్న చాలును. సిలికోను చవుక, సులభము. పులిసిన వాసన గల రకము గట్టిపడునపుడు ఎసిటిక్ ఆమ్లమును విడుచును. అది రాగి, ఇత్తడులకు హాని. అంతకంటె చిక్కు మరొకటి: సిలికోను తాకిన చోట తరువాత రంగు గాని వేరొక సీలెంటు గాని సరిగా అంటదు. నీటి దిగువ బోల్టులకు దీనిని వాడకుండుటయే మేలు.

పాలీయురిథేను గాలిలోని తేమతో గట్టిపడును. పూర్తిగా గట్టిపడుటకు కొన్ని రకములకు వారము పట్టును. అంటుటలో దీనికి సాటి అరుదు. అదియే దీని దోషము కూడ: డ్రైవును మరల విప్పవలసి వచ్చినపుడు ఫైబరు పైపొర ఊడివచ్చును. ఎన్నడును విప్పని వానికే అది తగును.

మూడవది పాలీసల్ఫైడు. 1920లలో జోసెఫ్ పాట్రిక్ అను అమెరికా రసాయనజ్ఞుడు శీతకాలమున మోటారు నీరు గడ్డకట్టకుండ చేయు ద్రవమునకై వెదకుచుండగా, దుర్గంధముతో కూడిన ఒక జిగట ముద్ద లభించెను. వెదకినది దొరకలేదు గాని రబ్బరు వంటి పదార్థము దొరకెను! అణువులలో గంధకపు గొలుసులు గల ఈ జాతి పదార్థములు పెట్రోలు, డీసెలులకు చెక్కుచెదరవు. అందుకే విమానముల ఇంధనపు తొట్లకును వాడిరి. ఇది సాగును, కదలికను ఓర్చును, విప్పుటకు లొంగును. మరమ్మతులు తప్పని డ్రైవు బోల్టులకు ఇదియే తగినది. కొన్ని ప్లాస్టిక్కులను మాత్రము పాడుచేయును. యంత్రముతోబాటు రబ్బరు పట్టీ వచ్చినచో, దానిపై సీలెంటు పూయవచ్చునా లేదా అన్నది తయారీదారు పుస్తకము చూచియే తేల్చవలెను.

అయితే ఎంత మంచి సీలెంటైనను ఎప్పటికో ఒకప్పటికి వదలును. దానిని మాత్రమే నమ్ముట పొరపాటు. 12 మిల్లీమీటర్ల బోల్టునకు మొదట 20 మిల్లీమీటర్ల రంధ్రము వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడిన పిమ్మట నడుమ 12 మిల్లీమీటర్లది వేయవలెను. ఇపుడు బోల్టు చుట్టు ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ. సీలెంటు విఫలమైనను నీరు ప్లైవుడ్‌ను చేరదు. రంధ్రపు అంచును కొద్దిగా ఏటవాలుగా గీకినచో, సీలెంటు అందు నిలిచి బోల్టు మెడకు ఉంగరమగును. నూనె, తేమ లేకుండ తుడిచిన పిదపనే పూయవలెను. ఒకేసారి బిగించినచో సీలెంటంతయు వెలుపలికి వచ్చును. మొదట కొద్దిగా బిగించి, గట్టిపడిన తరువాత బోల్టును కదలనీయక మరను మాత్రమే త్రిప్పవలెను.

పాత పడవను కొనువారు వెనుక గోడను చిన్న సుత్తితో అంగుళము అంగుళము తట్టి చూతురు. గట్టి చెక్క ఖంగుమనును. కుళ్ళిన చోట మొద్దు శబ్దము వచ్చును, అదియు చాలసారులు బోల్టుల చుట్టునే.